పెళ్ళిపాట నుంచి పంచరత్నాల దాకా



ఈ వేళకు పొద్దుటి వంట ఒక కొలిక్కి వచ్చి, పిల్లలు బడికి, ఇంటాయన ఆఫీసుకు వెళ్ళిపోయి, మీరు కాస్త నడుం వాల్చే సమయం అనుకుంటాను. ఈరోజు త్యాగరాజస్వామి గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను. ఆ పేరు వినగానే "అమ్మో! శాస్త్రీయ సంగీతమా! మనకెక్కడ అర్థమవుతుందిలే" అని లేచిపోకండి. నేనూ పదో తరగతితో చదువు ఆపినదాన్నే. విద్వాంసురాలిని కాను. ఒక ఇల్లాలు మరో ఇల్లాలితో గోడ పక్కన నిలబడి మాట్లాడుకున్నట్టే ఈ మాటలు.

ముందు మా ఊరి సంగతి చెప్పనివ్వండి. మాది చందుర్తి. మాకు వేములవాడ దగ్గర. అక్కడ రాజన్న గుళ్ళో పుష్యమాసంలో త్యాగరాజ ఆరాధనోత్సవాలు జరపడం ఆనవాయితీ. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారితో కలిసి మొదటిసారి వెళ్ళాను. వేదిక మీద పదిమంది గాయకులు వరుసగా కూర్చుని, తొడల మీద తాళం వేస్తూ పంచరత్న కీర్తనలు ఒక్క గొంతుగా పాడుతున్నారు. వినడానికి ఎంత గంభీరంగా ఉందో! కాని ఆ సంతోషంతో పాటు ఒక ముల్లు కూడా మనసులో కదిలింది.

ఆ ముల్లు ఏమిటంటే, చిన్నప్పుడు సంగీతం నేర్చుకోవాలని నాకు మహా ఉబలాటం. మా బాపు నన్ను టౌనులో ఒక మాస్టారి దగ్గరికి తీసుకువెళ్ళారు. ఆయన నాచేత ఒక పాట పాడించుకొని, "ఈ గొంతు బతుకమ్మ పాటలకు సరిపోతుంది గాని కీర్తనలకు పనికిరాదమ్మా" అన్నారు. అంతే. ఆ రోజు నుంచి కీర్తనలు వేరేవాళ్ళ సొత్తు, మనవి కావు అనుకున్నాను. వేములవాడలో కూడా అందుకే వెనక స్తంభం పక్కనే కూర్చున్నాను.

సరిగ్గా ఆ సమయంలో వేదిక మీద ఒకామె చిన్నపాట ఎత్తుకుంది. "సీతాకళ్యాణ వైభోగమే" అని. నేను ఉలిక్కిపడ్డాను. అది మా అమ్మమ్మ పాట! మా ఇళ్ళల్లో ఏ పెళ్ళయినా సరే, తలంబ్రాల వేళకు ముసలమ్మలందరూ కలిసి అందుకునేవారు. ఒకసారి నేను, "అమ్మమ్మా, గీ పాట ఎవరు రాసిండ్రు?" అని అడిగితే, "పాటను ఎవరన్న రాస్తరానే? మా అత్త పాడింది, నేను పాడిన, రేపు నువ్వు పాడు" అంది. అమ్మమ్మకు త్యాగరాజు పేరు తెలుసో లేదో గాని, ఆయన పాట తెలుసు. ఆ పాట త్యాగరాజస్వామి ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో ఒకటని ఆ రోజు వేములవాడలో తెలిసింది నాకు.

అప్పటి నుంచి నాకొక ప్రశ్న పట్టుకుంది. ముసలమ్మలు పెళ్ళిళ్ళలో పాడుకునే ఆ తేలికపాట, పెద్ద పెద్ద విద్వాంసులే వణుకుతూ పాడే ఈ పంచరత్నాలు, రెండూ ఒక్క మనిషి చేతిలోంచే ఎలా వచ్చాయి? ఆ దారి ఎటువంటిది? అదే ఇవాళ మీతో చెప్పదలచుకున్నది.

త్యాగరాజస్వామి 1767 మే 4న తమిళదేశంలోని తిరువారూరులో పుట్టారు. పుట్టింది తమిళనాట అయినా తెలుగువారే. ఇంటిపేరు కాకర్ల. వారి పెద్దలు ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతం నుంచి అటు వెళ్ళినవారు. తంజావూరును తెలుగు నాయకరాజులు ఏలినప్పటి నుంచి అక్కడ పాటకు, ఆటకు తెలుగే భాష. తరవాత మరాఠా రాజులు వచ్చినా ఆ మర్యాద పోలేదు. శ్యామశాస్త్రి, ముత్తుస్వామి దీక్షితులు కూడా అదే తిరువారూరులో, అదే కాలంలో పుట్టారు. ఒక్క ఊరు ముగ్గురు మహానుభావులను కన్నదంటే ఆశ్చర్యంగా లేదూ!

తండ్రి రామబ్రహ్మం గారు రామాయణం చెప్పేవారు. తల్లి సీతమ్మ గారికి మంచి గొంతు. పురందరదాసు పదాలు, మన భద్రాచల రామదాసు కీర్తనలు ఆమె పాడుతుంటే పిల్లవాడు వింటూ పెరిగాడని చెబుతారు. అంటే ఆ మహానుభావుడికి కూడా మొదటి బడి వంటిల్లే, మొదటి గురువు అమ్మే. రామదాసు అంటే ఆయనకు ఎంత గౌరవమో! పెద్దయ్యాక రాసిన "ప్రహ్లాద భక్తి విజయం" మొదట్లో తనకు ముందున్న భక్తులకు నమస్కరిస్తూ, వారిలో రామదాసును కూడా తలుచుకున్నారు. నేలకొండపల్లిలో పుట్టి, గోలకొండ చెరలో మగ్గిన మన తెలంగాణ భక్తుని పాట కావేరి ఒడ్డున ఒక తల్లి నోట పలికి, ఆ బిడ్డ చేత పాట కట్టించింది.

కుటుంబం తిరువయ్యారు చేరింది. అక్కడే ఆయన జీవితమంతా గడిచింది. రాజాశ్రయం లేదు. ఉంఛవృత్తి చేసేవారు. ఉంఛవృత్తి అంటే భుజాన తంబుర, చేతిలో చిడతలు పట్టుకొని, రామనామం పాడుతూ వీధుల వెంట నడవడం. గడపల్లో ఇల్లాళ్ళు వేసిన బియ్యమే ఆ పూటకు గ్రాసం. ఆ నడకకు తగిన పాటలు దివ్యనామ సంకీర్తనలు. వీటిలో పల్లవి ఒకటి, దాని తరవాత చరణాలు ఎన్ని ఉన్నా అన్నిటికీ ఒకే బాణీ. ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకోవచ్చు. మనం బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఒకరు చెబుతుంటే అందరం అందుకుంటామే, సరిగ్గా అదే పద్ధతి. నన్ను "బతుకమ్మ పాటలకే సరిపోతుంది" అన్న మాస్టారు ఈ సంగతి ఆలోచించారో లేదో మరి!

ఇంట్లో పూజకు ఉత్సవ సంప్రదాయ కీర్తనలు కట్టారు. రాముణ్ణి నిద్ర లేపడం మొదలు హెచ్చరిక, కళ్యాణం, హారతి, ఉయ్యాల, లాలి, పవ్వళింపు, అన్నిటికీ పాటలే. గుళ్ళో దేవుడికి చేసే సేవలన్నీ ఇంట్లో దేవుడికి పాటతో చేశారన్నమాట. మా అమ్మమ్మ పెళ్ళిపాట ఇందులోదే. రాగం కురంజి. చరణాల్లో సమాసాలు కొంచెం బరువే గాని, బాణీ మటుకు రెండుసార్లు వింటే పట్టుబడుతుంది.

ఆయన తన పాటల కింద తేదీలు వేసుకోలేదు. ఏ పాట ముందు, ఏది వెనక అని కాగితం చూపించి చెప్పడానికి వీల్లేదు. కాని ఈ సులువైన కీర్తనలు మొదటి మెట్టు అనీ, పైమెట్లు తరవాత కట్టుకుంటూ వెళ్ళారనీ సంగీతం తెలిసినవారు పాటల అమరికను బట్టి అంటారు.

రెండో మెట్టు శొంఠి వెంకటరమణయ్య గారి దగ్గర వేసిన పునాది. ఆయన తంజావూరు ఆస్థాన విద్వాంసులు. ఆ శిక్షణతో త్యాగరాజు పాట రూపే మారింది. పల్లవి, అనుపల్లవి, చరణం అనే మూడు అంగాల కృతి ఆయన చేతిలో నిండుగా తయారయింది. దానికి ఆయన తెచ్చిన పెద్ద సొగసు "సంగతులు". ఈ మాటకు భయపడకండి. వాకిట్లో ముగ్గు వేస్తాం కదా, చుక్కలు అవే, కాని మొదట ఒక గీత కలుపుతాం, తరవాత దాని చుట్టూ ఒక మెలిక, దాని మీద ఇంకో మెలిక. చూస్తుండగానే చుక్కలు పోయి పద్మం కనిపిస్తుంది. సంగతి అంటే అదే. మాటలు అవే ఉంటాయి. మొదటిసారి సాదాగా పాడతారు. రెండోసారి చిన్న వంపు, మూడోసారి ఇంకొంచెం పైకి. అలా పోగా పోగా ఆ మాటలోని భావం విచ్చుకుంటుంది. ఖరహరప్రియ రాగంలో "చక్కని రాజమార్గము" అన్న కృతి ఈసారి రేడియోలో వస్తే పల్లవి ఎన్నిసార్లు తిప్పి పాడతారో వేళ్ళు మడిచి లెక్కపెట్టండి. ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది.

ఆ ఖరహరప్రియ రాగానికి వెలుగు తెచ్చిందీ ఆయనే. అంతే కాదు, అంతకు ముందు ఎవరూ పెద్దగా ముట్టని రాగాల్లో, ఒక్కొక్క రాగానికి ఒక్కొక్క కృతి చొప్పున ఎన్నో కట్టి వాటికి ప్రాణం పోశారు. ఆ రోజుల్లో తంజావూరులో ఇంగ్లీషు బ్యాండు కూడా మోగేది. ఆ బాణీ చెవిన పడితే కాదని తోసెయ్యలేదు. "వరలీల గానలోల" విన్నారంటే పిల్లలు బళ్ళో కవాతు చేస్తున్నట్టే ఉంటుంది. మంచి ఎక్కడ వినిపించినా చెవి ఒగ్గే మనిషి.

ఇక ఆయన మాట గురించి చెప్పకపోతే పాపం. ఆయన తెలుగు మనింట్లో మాట్లాడే తెలుగు. రామునితో బతిమాలుకుంటారు, అలుగుతారు, దెప్పుతారు, "నీకు ఇది న్యాయమా" అన్నట్టు నిలదీస్తారు. ఇంట్లో పెద్దన్నతో గొడవపడే తమ్ముడిలా మాట్లాడతారు. దీక్షితుల వారి సంస్కృతం గుడి గోపురంలా ఉంటే, ఈయన తెలుగు ఇంటి అరుగులా ఉంటుంది. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు.

ఆ ఇల్లు ఎలా గడిచిందో కూడా కాసేపు ఆలోచిద్దాం. తంజావూరును శరభోజి మహారాజు ఏలుతున్న రోజుల్లో కొలువుకు రమ్మని కానుకలు పంపితే త్యాగరాజు వద్దన్నారనీ, "నిధి చాల సుఖమా" అన్న కళ్యాణి రాగ కృతి అప్పుడే పుట్టిందనీ చెబుతారు. అన్నగారికి కోపం వచ్చి, పూజలో ఉన్న రామ విగ్రహాన్ని కావేరిలో పారేశారన్న కథ కూడా ఉంది. మనం ఆ కథ వింటూ త్యాగరాజును మెచ్చుకుంటాం. మెచ్చుకోవలసిందే. కాని నా మనసు మటుకు ఆ ఇంటి ఇల్లాలి వైపు పోతుంది. మొదటి భార్య పార్వతమ్మ చనిపోగా ఆమె చెల్లెలు కమలాంబను చేసుకున్నారు. గురువు ఇంట్లో శిష్యులు, వచ్చేపోయే భాగవతులు. భర్త వీధిలో తెచ్చిన బియ్యంతో అంతమందికి వండి వార్చింది ఎవరు? రాజుగారి బంగారం గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయినప్పుడు మరునాడు పొయ్యి మీద ఎసరు పెట్టింది ఎవరు? ఏ పాటలోనూ ఆమె పేరు లేదు. కాని ఆ ఎసరు లేకుంటే ఆ పాటలు లేవు. ఇది వింటున్న మీకు నేను విడమరచి చెప్పనక్కరలేదు.

మూడో మెట్టు సంగీత నాటకాలు. "ప్రహ్లాద భక్తి విజయం" అయిదు అంకాల పెద్ద రచన. "నౌకా చరిత్రం" చిన్నది, చమత్కారమైనది. గోపికలు కృష్ణునితో యమునలో పడవ ఎక్కుతారు. ఇంతటివాణ్ణి మా చెప్పుచేతల్లో పెట్టుకున్నామని మురిసిపోతారు. ఇంతలో గాలివాన, పడవకు చిల్లు. గర్వం దిగిపోయి శరణు అనేసరికి ఒడ్డు చేరతారు. ఒంటరి భక్తుడు తన గోడు చెప్పుకునే పాటలు కట్టిన మనిషి, ఇక్కడ పదిమంది ఆడవాళ్ళ గొంతుల్లోకి దూరి, వాళ్ళ సంబరాన్నీ, భయాన్నీ పాట చేశారు. అది ఇంకో రకం పనితనం.

పై మెట్టు పంచరత్నాలు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఈ అయిదు ఘనరాగాల్లో అయిదు కీర్తనలు. అన్నీ ఆదితాళమే. మొదటి కీర్తన "జగదానందకారక" సంస్కృతంలో ఉంది. తక్కిన నాలుగూ తెలుగే. ఇందులో ముందు స్వరం పాడి, అదే వరసలో మాట పాడతారు. మా సిరిసిల్ల మగ్గాల భాషలో చెప్పాలంటే స్వరం పడుగు, సాహిత్యం పేక. ఒక్క పోగు తెగినా నేత చెడుతుంది. అందుకే విద్వాంసులు కూడా అంత జాగ్రత్తగా పాడతారు.

కాని ఒక్క సంగతి గమనించండి. ఇంత ఎత్తు ఎక్కి ఆయన ఏం చెప్పుకున్నారు? గౌళ రాగంలోని కీర్తనలో తన తప్పులన్నీ తానే ఏకరువు పెట్టుకున్నారు, ఇటువంటి నన్ను ఎవరు కాపాడతారని. శ్రీరాగంలోని "ఎందరో మహానుభావులు"లో తన గొప్ప చెప్పుకోలేదు, తనకన్నా ముందున్న పెద్దలందరికీ నమస్కారం పెట్టారు. రూపం పెద్దదయింది, మనిషి మటుకు ఒదిగి ఉన్నాడు. నడకలో పాడుకున్న దివ్యనామంలో ఉన్న గొంతే పంచరత్నంలోనూ ఉంది.

ముసలితనంలో యాత్రలు చేశారు. కంచి, తిరుపతి, చెన్నపట్నం దగ్గరి కోవూరు, తిరువొత్తియూరు, లాల్గుడి, శ్రీరంగం. వెళ్ళిన చోట ఊరికే ఉండలేదు. కోవూరులో, తిరువొత్తియూరులో, లాల్గుడిలో అక్కడి దేవతల మీద అయిదేసి కృతులు కట్టారు. జీవితమంతా రాముణ్ణి కొలిచినవాడు కోవూరు శివుణ్ణీ, తిరువొత్తియూరు త్రిపురసుందరినీ అదే నోటితో పాడారు. కమలాంబ ఆయనకన్నా ముందే వెళ్ళిపోయింది. చివరిదశలో సన్యాసం తీసుకున్నారు. రామదర్శనం అయి, పది రోజుల్లో తన దగ్గరికి చేర్చుకుంటానని మాట దొరికినట్టు సహాన రాగంలో "గిరిపై" అన్న కృతి చెబుతుందంటారు. ఆ పాటలో పెద్ద హంగు లేదు, ఆర్భాటం లేదు. పొద్దు గూకినట్టు నెమ్మదిగా సాగుతుంది. 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు కన్నుమూశారు.

ఈనాటికి ఏడువందల దాకా కృతులు మనకు దక్కాయి. దక్కించింది శిష్యులు. వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ గురువు పాటలను శ్రద్ధగా రాసి దాచిపెట్టారు. ఆయన పట్టునేతకు పేరుపడ్డ సౌరాష్ట్ర వర్గం వారు. మానాంబుచావడి వెంకటసుబ్బయ్య గారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు. వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. పంతులు గారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు. "భక్తిరంజని"లో ఆయన గొంతు వింటూ కాఫీ పెట్టుకున్నవారు మీలో ఎందరో ఉంటారు. ఆ గొంతు ద్వారా తిరువయ్యారు నేరుగా మీ వంటింటికే వచ్చిందన్నమాట.

చివరగా ఒక ఆడమనిషి కథ. తిరువయ్యారులో స్వామివారి సమాధి పాడుపడి ఉంటే, బెంగుళూరు నాగరత్నమ్మ అనే దేవదాసి అక్కడికి చేరుకుంది. 1921లో పని మొదలుపెట్టించి, తను సంపాదించిన నగలు, సొమ్ము అన్నీ ఖర్చుపెట్టి 1925 నాటికి గుడి కట్టించి ప్రతిష్ఠ చేయించింది. ఇంతా చేస్తే, అక్కడి ఆరాధనలో ఆడవాళ్ళకు పాడే అర్హత లేదన్నారు! ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. ఆడవాళ్ళందరినీ కూడగట్టి వేరే ఆరాధన మొదలుపెట్టింది. 1940ల మొదట్లో అన్ని వర్గాలూ ఒకటై, ఆడా మగా అందరూ స్వామి సన్నిధిలో పాడే రోజు వచ్చింది. 1952లో ఆమె పోతే, ఆమె సమాధి కూడా స్వామి సమాధికి దగ్గరలోనే కట్టారు.

నాగరత్నమ్మ కథ చదివిన రోజున నాకు సిగ్గువేసింది. ఆమెను అంతమంది అడ్డుకున్నా పాడింది. నన్ను ఒక్క మాస్టారు ఒక్క మాట అంటే ఇరవై ఏళ్ళు నోరు మూసుకున్నాను. త్యాగరాజస్వామి మెట్లు కట్టుకుంటూ పైకి వెళ్ళారు గాని, ఎక్కిన మెట్టును వెనక తీసెయ్యలేదు. మొదటి మెట్టు ఇంటి గడప దగ్గరే ఉంది. అది మా అమ్మమ్మకు దొరికింది. నేనే, పై మెట్టు అందలేదని కింది మెట్టు మీద కూడా కాలు పెట్టలేదు.

పోయిన ఏడు మా మేనకోడలి పెళ్ళిలో తలంబ్రాల వేళ మైకులో సినిమా పాట వస్తుంటే, నేను లేచి ఆపమన్నాను. అమ్మమ్మ పాట ఎత్తుకున్నాను. మొదటి వరసలో గొంతు వణికింది. రెండో వరసకు మా చిన్నమ్మ అందుకుంది. మూడో వరసకు నలుగురయ్యాం. పాట అయ్యాక పెళ్ళికూతురి చెల్లెలు వచ్చి, "అత్తా, ఆ పాట ఎవరు రాసిండ్రు?" అని అడిగింది. ఈసారి నాకు జవాబు తెలుసు. చెప్పాను.

మీ ఇంట్లో కూడా మీ అమ్మ పాడిన లాలో, అత్తగారు పాడే హారతో ఉంటుంది. అది ఎవరిదో ఒకసారి ఆరా తీయండి. త్యాగరాజస్వామిదే అయివుండవచ్చు, రామదాసుదయినా కావచ్చు. ఎవరిదయినా సరే, ఈ సాయంత్రం దీపం పెట్టాక పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని దాన్ని గట్టిగా పాడండి. గొంతు బాగుందా లేదా అని ఎవరినీ అడగకండి.